జువ్విచెట్టు మూటలు

మాఘం మొదలైనప్పటి నుంచి మా ఉత్తరవీధిలో మూడు చూడి గేదెలు ఈసుకుపోయాయి. ఒకటి ఏడో నెలలో, రెండు ఎనిమిదో నెలలో. నెలలు నిండకుండా చచ్చిన దూడ కిందపడటం గొడ్లున్న ఊళ్ళో ఎప్పుడో ఒకసారి ఉండేదే. ఒకే వీధిలో ఒకదాని వెనక ఒకటి పడుతుంటే మాత్రం దాని వెనక ఎవరో ఒకరు ఉన్నట్టే.

ఆ ఒకరు ఎవరో నేను పైకి అనలేదు. లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

పుష్యమాసంలో పశువుల డాక్టరమ్మ వచ్చింది. మహతి అని పేరు, మంగళగిరి వైపు పిల్ల, ఉద్యోగానికి కొత్త. భుజాన ఐసుపెట్టె, చేతులకు తొడుగులు, కళ్ళకు పెద్ద అద్దాలు. ఇల్లిల్లూ తిరిగి పెయ్యదూడలకు సూదులు వేసి, చెవులకు పసుపు బిళ్ళలు కొట్టి పోయింది. ఏం జబ్బుకమ్మా అని అడిగితే, రేపు పెద్దవై చూడి కట్టాక ఈసుకుపోకుండా ఉండటానికి అంది. అప్పటికి మా వీధిలో ఈసుకుపోయిన గేదే లేదు. ఆమె వచ్చి వెళ్ళిన నెలకు బాలు గేదె ఈసుకుపోయింది. తర్వాత లక్ష్మీదుర్గది. ఆ రెండిళ్ళలోనూ ఆమె సూది వేసింది. లేని జబ్బుకు మందెందుకు? మంచి మందే అయితే వేసే మనిషికి ఆ కళ్ళద్దాలెందుకు?

నా భయమంతా నా గేదె గురించి. మా పాకలో ఉన్నది అదొక్కటే. నిరుడు మాఘంలో శ్రీకృష్ణ అనే బేరగాడు తోలుకొచ్చి ఇచ్చాడు. కొత్తగా ఈనిందనీ, దూడ పాము కరిచి చచ్చిందనీ చెప్పాడు. దూడ లేకపోయినా తవుడు పెడితే చేపే గేదె. పొదుగు దగ్గరే, కాచకుండా, చెంబుడు గుమ్మపాలు తాగడం చిన్నప్పటి నుంచి నాకు అలవాటు, దీని పాలు మరీ చిక్కన. ఇప్పుడు వట్టిపోయి ఎనిమిదో నెల చూడితో ఉంది. ఈ యేడు మిరపను నల్లతామర పురుగు తినేసింది, పత్తికాయను గులాబీ పురుగు తొలిచేసింది. మా ఇంటికి మిగిలింది ఆ గేదె కడుపే.

అందుకని పాకకు తడిక కట్టి, మంచం తెచ్చి అడ్డంగా వేసుకున్నాను.

"గేదెకు కాపలానా, నేను పారిపోతానని నాకు కాపలానా?" అంది మా ఆవిడ సుబ్బరావమ్మ.

"ఆ డాక్టరమ్మ వస్తే నేను లేనని చెప్పు."

"వాకిట్లో మంచం మీద మనిషి కనపడతా ఉంటే లేడని ఎట్టా చెప్పను?"

మంచం మీద అటు తిరిగి పడుకున్నాను. అప్పటికే నడుము పట్టేసి ఉంది. సంక్రాంతి ముందు నుంచీ సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాగి, తెల్లారేసరికి చెమటకు దుప్పటి తడిసిపోతోంది. మా ఊరి ఆర్‌ఎంపీ టైఫాయిడ్ అన్నాడు, రెండు విడతలు మందులిచ్చాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది. మందులు కొట్టిన మిరపచేలో తిరిగిన ఒళ్ళు, అంతకంటే ఏముంటుంది అనుకున్నాను.

ఫాల్గుణం చివర, పొద్దున పది గంటలప్పుడు, నాగూర్ వలి మా వాకిట్లోకి పరుగెత్తుకొచ్చాడు. మా ఇంటికి మూడో ఇల్లు అతనిది. నన్ను మామా అంటాడు.

"మామా, మాదీ పోయింది. దూడ పడిపోయింది, మాయ పడలా. తొందరగా రా."

ఊళ్ళో ఏ గేదెకు కాన్పు కష్టమైనా నన్నే పిలుస్తారు. మా నాయన చెయ్యి అటువంటిదే, నా చెయ్యీ అంతే. సన్నని చెయ్యి, పొడుగు వేళ్ళు. జబ్బ దాకా ఆముదం పూసుకుని లోపలికి పెడితే దూడ ఎటు తిరిగి ఉందో కళ్ళు మూసుకుని చెబుతాను. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోను. జున్నుపాలు పంపిస్తే మాత్రం వద్దనను.

వలి గేదె దడిపక్కన వణుకుతూ నిలబడి ఉంది. దూడ గోనెపట్టా మీద ఉంది, వెంట్రుకలు పూర్తిగా రాలేదు. అతని భార్య నజీరా దానివైపు చూడకుండా నీళ్ళు కాస్తోంది. నేను చెయ్యి పెట్టి మాయను కొద్దికొద్దిగా ఒలిచి తీశాను. తోలులా మందంగా, పసుపుపచ్చగా ఉంది. బాలు గేదెదీ ఇలాగే ఉంది. చెయ్యి అక్కడే పక్కనున్న కుడితితొట్టి నీళ్ళలో ముంచి కడుక్కున్నాను. ఎప్పుడూ కడుక్కునేది అలాగే.

మాయను వరిగడ్డిలో చుట్టి మూటకట్టాను. పాలకాలవ గట్టున జువ్విచెట్టు ఉంది. గిల్లితే పాలు కారే చెట్టు. మాయను దాని కొమ్మకు కడితే గేదె పాలకు లోటుండదని మా దగ్గర ఆనవాయితీ. దూడ దక్కకపోయినా పాలైనా దక్కాలని ఈసుకుపోయినవాటిదీ కడతారు. కట్టేది కూడా నేనే. వలి మూటను మిగతా మూటల పక్కన కట్టాను. పాతవి ఎండి నల్లబడ్డాయి, కొత్తవి ఇంకా కారుతున్నాయి. కింద రెండు కుక్కలు నాకుతూ తిరుగుతున్నాయి.

"కుక్కలు ఇక్కడే కాపురం పెట్టాయి మామా," అన్నాడు వలి. తర్వాత గొంతు తగ్గించి, "ఆ సూది వల్లేనంటావా?" అన్నాడు.

"మీ పెయ్యకు వేసిందిగా."

"వేసింది."

"మరింకేంది?"

ఆ మాట మధ్యాహ్నానికి వీధంతా తిరిగింది. నేను అన్నది అంతే.

మర్నాడు డాక్టరమ్మ వచ్చింది. ఎవరు ఫోన్ చేశారో తెలియదు. నేను వలి వాళ్ళ దడి ఇవతల నిలబడి ఆమె చేసే పనులన్నీ చూశాను. కాళ్ళకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుంది. దూడను పూడ్చినచోటు అడిగింది. గేదె మెడలో సూది గుచ్చి గొట్టంలోకి రక్తం తీసింది. ఆ తర్వాత కాలవగట్టుకు వెళ్ళి జువ్విచెట్టుకు ఫొటోలు తీసుకుంది. అన్నిటికంటే అనుమానం వచ్చింది ఆ ఫొటోలకే. చెట్టుతో ఈమెకేం పని?

వెనకే వెళ్ళిన నన్ను చూసి దగ్గరికొచ్చింది. "ఇవి ఎవరు కడతారండీ?"

"ఎవరిది వాళ్ళే కట్టుకుంటారు," అన్నాను.

ఎందుకు అబద్ధమాడానో అప్పుడు నాకే తెలియదు.

సాయంత్రం పాలకేంద్రం దగ్గర జనం పోగయ్యారు. పాలు పోసేవాళ్ళు, పోయడానికి పాలు లేనివాళ్ళు. డాక్టరమ్మ బల్ల పక్కన నిలబడింది. లక్ష్మీదుర్గ నోరు పెద్దది, ముందు ఆమే అందుకుంది.

"చక్కగున్న గొడ్లకు సూదులు పొడిచి పోతివి. ఇప్పుడొచ్చి ఫొటోలు తీసుకుంటన్నావు. మా గేదె కడుపు నువ్వు తెచ్చిస్తావా?"

డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది. అరుపుల్లో వినపడలేదు. అప్పుడు నేను లేచాను. నేను నలుగురిలో లేచి మాట్లాడటం ఎవరూ చూసి ఉండరు, అందుకే అందరూ ఊరుకున్నారు.

"నేను లెక్కపెట్టానమ్మా. బాలు ఇల్లు, లక్ష్మీదుర్గ ఇల్లు, వలి ఇల్లు. మూడిళ్ళలోనూ మీరు సూది వేశారు. మూడిళ్ళలోనూ ఈసుకుపోయాయి. దీనికి మీరేమంటారు?"

ఆమెకు కోపం రాలేదు. నా ముఖంలోకే చూసి చెప్పింది.

"మేం సూది వేసింది నాలుగు నెలల నుంచి ఎనిమిది నెలల లోపు పెయ్యలకే అండీ. చూడి గేదెలకు ఆ మందు వెయ్యకూడదు, మేం వెయ్యలేదు. అది బతికున్న సూక్ష్మజీవిని బలహీనం చేసి తయారుచేసిన మందు. పొరపాటున నా కంట్లో పడితే నాకే జబ్బు వస్తుంది, అందుకే అద్దాలు. మీ వీధిలో ఉన్నది బ్రూసెల్లా అని మా అనుమానం. ఈసుకుపోయినప్పుడు పడే నీళ్ళలో, మాయలో అది కోట్లకొద్దీ ఉంటుంది. అక్కణ్ణుంచి మేతకు, నీళ్ళకు, ఇంకో గేదెకు అంటుకుంటుంది. మనుషులకూ వస్తుంది. మీరు లెక్కపెట్టడం మంచిదే. అయితే నాదొక ప్రశ్న. ఆ ఇళ్ళన్నిటికీ వెళ్ళింది నేనొక్కదాన్నేనా? ఇంకెవరైనా వెళ్ళారా?"

వలి నవ్వాడు. నన్ను వెనకేసుకు రావాలనే అన్నాడు పాపం.

"ఇంకెవరు పోతారు మేడం, మా మామ తప్ప! ఊళ్ళో ఏ గేదె తోక ఎత్తినా ఆయన చెయ్యి పడాల్సిందే. ఆ చెట్టుకు మూటలు కట్టేది కూడా ఆయనే. చెయ్యి అట్టాంటిది."

జనం నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు. ఎవరిది వాళ్ళే కట్టుకుంటారని పొద్దున ఆమెతో అన్నవాణ్ణి నేనే. ఆమె ఆ మాట అందరిలో ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది, తిట్టి లేచిపోయేవాణ్ణి.

ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని మళ్ళీ లెక్కపెట్టాను. ఈసారి సరిగ్గా పెట్టాను. ఎందుకంటే మొదటి లెక్కలో నేనొక ఇల్లు వదిలేశాను. కనకలక్ష్మిగారి ఇల్లు. ఆమె గేదె కూడా మాఘంలోనే ఈసుకుపోయింది. మూడు పోయాయని చెప్పుకుంటూనే, పేర్లు చెప్పేటప్పుడు ఆమె పేరు మింగేసేవాణ్ణి. ఆమెకు పెయ్య లేదు. డాక్టరమ్మ ఆ గడప తొక్కలేదు. ఆమెను లెక్కలో పెడితే నా లెక్క చెడిపోతుందని నాకు తెలుసు. తెలిసే వదిలేశాను.

ఆ ఇంటికీ వెళ్ళింది నేను. బాలు గేదెకు మాయ తీసిన రెండోనాడు, ఆమె గేదె మేత తినడం లేదంటే వెళ్ళి నోట్లో చెయ్యి పెట్టి చూశాను. వాళ్ళ తొట్టిలోనే చెయ్యి కడుక్కున్నాను. మిగతా ఇళ్ళ గేదెలనూ ఈసుకుపోకముందు చూసిపోయింది నేనే. బాలు, కనకలక్ష్మిగారు, లక్ష్మీదుర్గ, వలి. నాలుగిళ్ళకూ ఉన్న దారి ఒకటే, అది నా కాళ్ళ కింద ఉంది.

సుబ్బరావమ్మ గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. నా ముఖం చూసి, "ఏమైంది?" అంది.

"రేపు ఆ డాక్టరమ్మను రమ్మను. తడిక తీసేస్తాను."

మర్నాడు పొద్దున డాక్టరమ్మ మా గేదె రక్తం తీసింది. తేట దిగడానికి గొట్టాన్ని మా అరుగు మీదే నిలబెట్టింది. మధ్యాహ్నం తెల్లటి పలక మీద ఆ తేట ఒక చుక్క వేసి, పక్కన గులాబీరంగు మందు చుక్క వేసి, పుల్లతో కలిపింది. కలిపి పలకను అటూ ఇటూ మెల్లగా వంచుతూ నిలబడింది. నేనూ, సుబ్బరావమ్మా చెరోపక్క వంగి చూశాం. నాలుగు నిమిషాలు పట్టలేదు. నున్నగా ఉండాల్సిన చుక్క విరిగిన పాలలాగా రవ్వరవ్వయింది.

"ఉందండీ," అంది.

"కడుపు పోయిద్దా అమ్మా?"

"చెప్పలేం. చాలావాటికి మొదటిసారే పోతుంది. తర్వాత నెలలు నిండి ఈనుతాయి. ఈనినా ఆ నీళ్ళలో, ఆ పాలలో జబ్బు ఉంటుంది. పశువుకు దీనికి నమ్మకమైన మందు లేదు. కొన్నప్పుడు దూడ ఉందా దీనికి?"

"పాము కరిచి చచ్చిందన్నాడు."

"అదీ ఈసుకుపోయిందేమో," అంది. తర్వాత, "మీకు జ్వరం వస్తోందా?" అని అడిగింది. సుబ్బరావమ్మ నాకంటే ముందు తలూపింది. దుప్పటి సంగతి, నడుము సంగతి, గుమ్మపాల సంగతి మొత్తం చెప్పేసింది. నా నోరు ఆమెకు పెట్టినట్టున్నాడు దేవుడు. డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. ఒంగోలు ఆసుపత్రిలో ఈ పేరు చెప్పి రక్తం చూపించుకోమంది. పేరు చెప్పకపోతే మళ్ళీ టైఫాయిడ్ అనే అంటారంది. ఈ జబ్బు ఎన్ని ఊళ్ళలో ఉందో సరైన లెక్క తమ దగ్గరా లేదనీ, రక్తం ఇచ్చేవాళ్ళే తక్కువనీ అంది.

ఒంగోలులో నాకూ ఉందన్నారు. ఆరు వారాలు రెండు రకాల బిళ్ళలు. మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పారు. అయినా మొదటిరోజు అనుమానంగా చాలాసేపు చూశాను.

నాలుగు రోజులు గడవకముందే శ్రీకృష్ణ మోటారుసైకిల్ మీద వచ్చాడు. పిలవకుండా వచ్చాడంటే కబురు అందినట్టే. వలి కూడా అతని వెనకే వచ్చి దడి దగ్గర నిలబడ్డాడు.

"బావా, మనలో మాట," అన్నాడు శ్రీకృష్ణ. "తొమ్మిదో నెల పడింది. నిండు కడుపు. కళ్ళకద్దుకుని తీసుకుంటారు. ఇటు వేటపాలెం అవతల తోలేద్దాం. ఇంకో పదిరోజులైతే ఊరంతా పాకిపోయిద్ది, అప్పుడు నువ్వు ఊరికే ఇస్తానన్నా ఎవడూ పట్టుకోడు. వలిదీ కూడా పట్టుకుపోతా."

"నువ్వేమంటే నేనూ అదే మామా," అన్నాడు వలి. "నాకు వట్టి గేదెను మేపే ఓపిక లేదు. నువ్వు అమ్మితే నేనూ అమ్ముతా."

సుబ్బరావమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చేతులు కొంగును మెలిపెడుతున్నాయి.

"శ్రీకృష్ణా," అన్నాను. "నిరుడు దీని దూడను కరిచింది ఏ పాము?"

"ఏంది బావా?"

"తాచా? కట్లపామా?"

"నాకేం తెలుసు బావా. అమ్మినోడు చెప్పాడు, నీకు చెప్పా."

నిజం కావచ్చు. అతనికి అమ్మినవాడికి ఇంకెవడో చెప్పి ఉండొచ్చు. ఎంత వెనక్కి వెళ్ళినా ప్రతివాడి దగ్గరా ఒక పాము ఉంటుంది. ఇంకొంచెం గట్టిగా అడుగుదామనుకున్నాను. అడిగే నోరు నాకెక్కడిది? చెట్టు కింద డాక్టరమ్మతో నేనాడిన అబద్ధం నాకు గుర్తొచ్చింది.

"వేటపాలెం అవతల కొనేవాడికి ఏం చెబుతావు?"

అతను నవ్వాడు. "అదంతా నేను చూసుకుంటాగా."

"నేను అమ్మను."

"చచ్చేదాకా మేపుతావా?"

"మేపుతాను."

మోటారుసైకిల్ తొక్కి వెళ్ళిపోయాడు. వలి మాత్రం కదల్లేదు. అతనితో చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదని తెలుసు, మంచి మాటే దొరకలేదు.

"వలీ, మీ గేదె దూడ పోయింది నా చేత్తోనేరా. మా గేదె నుంచి నా చేతికి, నా చేతి నుంచి మీ తొట్టికి. సూది వల్ల కాదు."

అతను నా చేతులవైపు చూశాడు. తర్వాత ముఖంవైపు. దడి దాటి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే మిగతా మూడిళ్ళకూ వెళ్ళి ఇదే చెప్పాను. బాలు తల దించుకున్నాడు. కనకలక్ష్మిగారు లోపలికి రమ్మనలేదు. లక్ష్మీదుర్గ వీధి వినేటట్టు తిట్టింది, డాక్టరమ్మను తిట్టిన తిట్లే, మనిషి మారాడంతే. వినాల్సినవే కాబట్టి విన్నాను. అమ్మొద్దని కూడా చెప్పాను. అమ్మనని ఎవరూ మాటివ్వలేదు.

మర్నాడు డాక్టరమ్మ ఇచ్చిన తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని జువ్విచెట్టు ఎక్కాను. మూటలన్నీ దించి, గొయ్యి తవ్వి, సున్నం పోసి పూడ్చాను. పాలు ఎండిపోతాయని ఇద్దరు ముసలమ్మలు గట్టున నిలబడి శాపనార్థాలు పెట్టారు. ఊళ్ళో ఈ మధ్య నాకు ఎక్కువమంది బంధువులు లేరు.

తర్వాత రెండు నెలల్లో మా వీధిలో మూడు గేదెలు ఈనాయి. నన్ను ఎవరూ పిలవలేదు. నేను ఎదురుగా వస్తే గొడ్లను పక్కకు మళ్ళించేవాళ్ళు. ఒకరోజు లక్ష్మీదుర్గ నా వెనక రోడ్డు మీద సున్నం చల్లుతుంటే చూశాను. నవ్వొచ్చింది, తప్పు కూడా కాదు. నన్ను అనుమానించడం నేర్చుకున్నారంటే ఆ అలవాటు ఊరికి మంచిదే.

జ్యేష్ఠంలో ఒక పగటిపూట, రోళ్ళు పగిలే ఎండలో, మా గేదె పడుకోవడం లేవడం మొదలుపెట్టింది. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆమె పర్చూరులో ఉంది, ముప్పావుగంట పడుతుందంది. "చెయ్యి పెట్టొద్దు. తప్పనిసరైతే తొడుగులు వేసుకోండి," అంది. నేను పాక బయట నిలబడ్డాను. ముందు కాళ్ళు కనిపించాయి, ముట్టె కనిపించింది, ఆ తర్వాత ఆగిపోయింది. దూడ నాలుక నీలంగా ఉంది. నా ఒళ్ళంతా చేతుల్లోకి వచ్చింది. యాభై ఏళ్ళుగా ఆ చేతులకు అటువంటప్పుడు ఆగడం తెలియదు. సుబ్బరావమ్మ తొడుగులు పట్టుకుని నిలబడింది. అవి జబ్బ దాకా లాక్కునేసరికి వేళ్ళు గుడ్డివైపోయినట్టుంది. ఏది కాలో, ఏది బొడ్డుతాడో తెలియలేదు. అయినా పట్టి, గేదె ముక్కినప్పుడల్లా కిందికి గుంజాను. డాక్టరమ్మ బండి వాకిట్లో ఆగేసరికి దూడ గడ్డిలో ఉంది.

పెయ్య. బతికే ఉంది. చెవులు విదిలించింది.

డాక్టరమ్మ తుడిచి, బొడ్డుకు మందు రాసింది. "దీనికి జబ్బు ఉందో లేదో ఇప్పుడే చెప్పలేం. కొన్ని నెలలయ్యాక చూడాలి. పాలు మాత్రం పొంగు వచ్చేదాకా కాగాలి, దూడకైనా, మీకైనా. పాలకేంద్రంలో మాత్రం పాలు పొయ్యొద్దు."

"పొయ్యను."

మాయ రెండు గంటలకు పడింది. దొడ్డి చివర ముందే తవ్వి ఉంచిన నాలుగడుగుల గోతిలో వేసి, సున్నం పోసి, మట్టి కప్పాను. తొడుగులు తగలబెట్టి, సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, కర్ర పట్టుకుని అక్కడే కూర్చున్నాను. వాసనకు కుక్కలు అప్పుడే దడి బయట చేరాయి.

కాసేపటికి దడి అవతల అలికిడైంది. వలి, తలమీద తుమ్మకంప మోపు. నాతో మాట్లాడి రెండు నెలలైంది. గేదెను మాత్రం అమ్మలేదు, రోజూ పొద్దున వాళ్ళ దొడ్లో కనిపిస్తూనే ఉంది.

"లేచి అవతలికి పో మామా," అన్నాడు.

లేచి పది అడుగులు జరిగాను. వచ్చి కంపను గొయ్యి మీద పరిచాడు, కాలితో తొక్కి సర్దాడు. దూడ ఏదని అడగలేదు. పాకవైపు ఒకసారి మాత్రం చూశాడు. గొయ్యి చుట్టూ తిరిగి, ఒక మూల ఖాళీ ఉందని, ఇంకో మోపు తేవడానికి వెళ్ళాడు.